అరిగినా ఇరుకవ్వని బూట్లు

పిల్లల బూట్ల విభాగంలో ఆవిడది ఇరవై రెండేళ్ల సర్వీసు. పొట్టి స్టూలు మీద కూర్చుని, వచ్చిన ప్రతి పాదాన్నీ ఒళ్లో పెట్టుకుని కొలిచేది. పిల్లలందరికీ ఆవిడ పాదాల ఆంటీ. ఆవిడ కబుర్లలో పడి, బూట్లు ఎప్పుడు తొడిగిందో కూడా గమనించేవారు కాదు.

బడులు తెరిచే ముందు, టైల్స్ పరిచే మేస్త్రీ ఒకాయన ఇద్దరు కూతుళ్లతో వచ్చాడు. పెద్దదానికి పదమూడేళ్లు, చిన్నదానికి పదకొండు. పక్కపక్కన నిలబెడితే మాత్రం చిన్నదే అక్కలా ఉంది. ఆంటీ పెద్దమ్మాయి పాత బూట్లు తిరగేసింది. అడుగు అరిగి అట్టలా అయిపోయింది.

"ఇవి ఎప్పుడు కొన్నారు బాబూ?"

"రెండేళ్లయిందండీ. మా పెద్దది బంగారం, పొదుపుగా వాడుతుంది," అన్నాడు మేస్త్రీ గర్వంగా.

ఆంటీకి నవ్వు రాలేదు. ఆ వయసు పిల్లల బూట్లు అరిగేలోపే ఇరుకవుతాయి. ఈ పిల్ల పాదం కొలిస్తే మళ్లీ అదే సైజు.

"ఏం తల్లీ, సరిగ్గా తినట్లేదా?"

"తింటే కడుపునొప్పి ఆంటీ. బాత్రూంకి పరిగెత్తాలి. అందుకే బళ్లో డబ్బా తెరవను."

"బడి ఎగ్గొట్టే వేషాలండీ," అన్నాడు తండ్రి.

"వేషాలేస్తే ఎదుగుదల ఆగదు బాబూ. డాక్టరుకి చూపించండి."

"బూట్లమ్మేవాళ్లు కూడా డాక్టర్లయిపోయారు!" అని విసుక్కుంటూ అతను పిల్లల్ని లాక్కుపోయాడు. చేతికొచ్చిన బేరం పోగొట్టావని మేనేజరు చీవాట్లు పెట్టాడు. 

నెల తిరక్కముందే మేస్త్రీ ఒంటరిగా వచ్చాడు. ఆంటీ స్టూలు మీంచి లేచి ఎదురెళ్లింది.

"అక్కా, ఆరోజు నోరు జారాను. నీ మాట చెవిలో జోరీగలా తిరుగుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాను. క్రోన్స్ జబ్బట, పేగుల్లో వాపు. దాని వల్లే ఎదుగుదల కుంటుపడిందట. మణికట్టు ఎక్స్‌రే చూసి, ఎముకలకి ఇంకా ఎదిగే అవకాశం ఉందన్నారు."

"హమ్మయ్య! మరి మందులిచ్చారా?"

"ముందు ఎనిమిది వారాలు అన్నం లేదు, రొట్టె లేదు. డాక్టరిచ్చిన పోషకాహార పానీయమే. నేనూ రోజుకో గుక్క తాగి తోడుంటున్నా. తడిసిన అట్టపెట్టె రుచి అక్కా! నా మొహం చూసి నవ్వుకుంటూ అది గ్లాసు ఖాళీ చేసేస్తోంది."

ఆ ఎనిమిది వారాలు గడిచేసరికి నొప్పి తగ్గింది, ఆకలి మొదలైంది. జబ్బు పూర్తిగా పోయేది కాదు, మందులు కొనసాగాలి. అయినా ఏడాదిలో పిల్ల ఏడు సెంటీమీటర్లు పెరిగింది, పాదం ఒకటిన్నర సైజు సాగింది.

మళ్లీ కొత్త బూట్లకి వచ్చినరోజు దుకాణంలో చిన్నది లబోదిబోమంది. "ఆంటీ, అక్కకి ఇప్పుడు నా బట్టలు సరిపోతున్నాయి! అడక్కుండా వేసేసుకుంటోంది!"

"నువ్వు నా గౌన్లు వేసుకోలేదా?" అంటూ పెద్దది మీదికొచ్చింది.

మేస్త్రీ విడదీయబోతే ఆంటీ అడ్డుపడింది.

"కాసేపు కొట్టుకోనివ్వు తమ్ముడూ," అంటూ తీరిగ్గా స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.