కలకత్తా వెళ్ళొచ్చిన మా డ్రిల్ టీచర్

మా డ్రిల్ టీచర్ పోయారు. పోయిన మంగళవారం పొద్దున్నే కాజీపేట నుంచి సుగుణ ఫోన్ చేసి చెప్పింది. సుగుణా నేనూ అక్కడి ఒకే బడిలో చదివి, ఒకే బాస్కెట్‌బాల్ జట్టులో ఆడినవాళ్ళం. "నిద్రల్నే పోయిందంటనే. రాత్రి మంచిగనే తిన్నదంట" అంది. ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ పేరు రాస్తే ఆవిడకే నచ్చదు. బడిలో అందరికీ డ్రిల్ టీచర్, అంతే. పొట్టి మనిషి. మేం తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆవిడ మా భుజాల దాకా వచ్చేది. తెల్ల చీర, నడుముకు బిగించి దోపిన కొంగు, కాళ్ళకు కాన్వాస్ బూట్లు, మెడలో జపమాల, దాని పక్కనే విజిల్. ప్రార్థనలో పొరపాటున విజిల్ పట్టుకుని జపం చేసేదని మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. మా మిషన్ బడిలో డెబ్బైల మొదట్లో ఆడపిల్లల చేత బాస్కెట్‌బాల్ ఆడించాలని పట్టుబట్టింది ఆవిడే. రైలింజన్ల లోకో షెడ్డులో ఎవరినో బతిమాలి ఇనుప రింగులు చేయించింది. మట్టి కోర్టుకు మా చేతనే నీళ్ళు చల్లించి, మా చేతనే తొక్కించింది. అది ఆటకు ముందు వ్యాయామమట.

ఆట మధ్యలో నీళ్ళ కుళాయి దగ్గర కూర్చోబెట్టి కథలు చెప్పేది. అవి రాజుల కథలు కావు, ఆసియా బాస్కెట్‌బాల్ పోటీల కథలు. అరవైలో మనీలాలో మొదలయ్యాయనీ, సొంత ఊళ్ళో ఫిలిప్పీన్స్ వాళ్ళే గెలిచారనీ, తర్వాత జపాన్, కొరియా ఎలా ఎదిగొచ్చాయనీ, డెబ్బై ఐదులో బ్యాంకాక్‌కు మొట్టమొదటిసారి వచ్చిన చైనా వచ్చీరాగానే కప్పు ఎత్తుకుపోయిందనీ, మనవాళ్ళు నాలుగో స్థానం దాకా వెళ్ళారనీ చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. "ఆడోళ్ళకు లేదా టీచర్?" అని సుగుణ అడిగితే, "ఎందుకు లేదు బిడ్డా? సియోల్ల షురువైంది. నువ్వు జర పొద్దుగాల లేస్తే నీకు గుడ జాగ ఉంటది" అంది. అశోకుడు చెట్లు ఎక్కడ నాటించాడంటే తడబడేవాళ్ళం గానీ మనీలాలో ఎవరు గెలిచారంటే నిద్రలో అడిగినా చెప్పేవాళ్ళం.

ఈ సంగతులన్నీ ఆవిడకు ఎలా తెలిసేవంటే, ఆవిడ భర్త కాజీపేట స్టేషన్లో టికెట్ కలెక్టరు. ప్రయాణికులు సీట్ల మీద వదిలేసిన పేపర్లు ఆయన ఏరుకొచ్చేవాడు. ఢిల్లీ పేపరు మద్రాసు వెళ్ళే బండిలో, మద్రాసు పేపరు ఢిల్లీ వెళ్ళే బండిలో. అందుకే చరిత్ర మాకు ముక్కలు ముక్కలుగా అందేది. ఒకసారి సెమీఫైనల్ దాకా చెప్పి ఆపేసింది. "ఫైనల్ ఏమైంది టీచర్?" అంటే, "ఆ పేపరు ఇంక రాలే బిడ్డా. ఏదో ఒక బండ్ల వస్తది, ఆగున్రి" అంది. మేం నిజంగానే బండి కూత వినపడ్డప్పుడల్లా ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్ళం.

అలా వచ్చిన ఒక పేపర్లోనే కొరియా వాళ్ళ ఆట గురించి ఉంది. అవతలి జట్టు బంతి అందుకోగానే కోర్టు పొడవునా కమ్ముకుంటారని రాశారు. ఎలా కమ్ముకుంటారన్నది కింది సగంలో ఉండాలి. ఆ సగంలో ఎవరో పల్లీలు పొట్లం కట్టుకుని పోయారు. మిగతాది టీచర్ తనే ఊహించుకుని మాకు నేర్పింది. అవతలి పిల్ల చేతికి బంతి రాగానే మేం ఐదుగురం ఒక్కసారిగా దాని మీదికి ఉరికి, చేతులు పైకెత్తి, చప్పట్లు కొడుతూ "కొరియా, కొరియా" అని అరవాలి. ఎదుటి పిల్లలు బెదిరిపోయి బంతిని బయటికి విసిరేసేవాళ్ళు. ఈ కొరియా ఆటతోనే మూడు నాలుగేళ్ళు జిల్లాలో మమ్మల్ని ఓడించేవాళ్ళు లేకపోయారు.

ఎనభై ఒకటిలో పోటీలు కలకత్తాకు వచ్చాయి. మన దేశానికే వస్తే వెళ్ళకుండా ఎలా ఉంటుంది? సెలవు పెట్టి, భర్త రైల్వే పాసు మీద, డబ్బా నిండా పులిహోర కట్టుకుని ఆయనను వెంటబెట్టుకుని బయల్దేరింది. నేనప్పుడు పదో తరగతి, జట్టు కెప్టెన్‌ని. మా నాన్న గూడ్సు బండి గార్డు, మాట అంటే మాటే. "చదువు అయిపోవస్తాంది. స్టేట్ టీంల వస్తే ఆడు. రాకుంటే ఆట బంద్, టైపు నేర్చుకో" అని చెప్పేశాడు. స్టేట్ టీంకు ఎంపిక హనుమకొండలో జరిగే జోనల్ పోటీల్లో. గెలిచిన జట్టులో నుంచే పిల్లల్ని తీసుకునేవారు. నా ఆట అంతా ఆ పోటీల మీదే వేలాడుతోంది.

టీచర్ కలకత్తా నుంచి వచ్చిన రోజు కుళాయి చుట్టూ మూగాం. ఎవరు గెలిచారని అడిగాం. "చైనా. కొరియా రెండో జాగల నిలిచింది" అంది. మొహంలో సంతోషం లేదు. కాసేపు బూటు లేసు సర్దుకుంటూ కూర్చుని, తర్వాత తలెత్తి చెప్పింది.

"బిడ్డా, ఇన్నేండ్ల సంది నేను మీకు తప్పు నేర్పిన. కొరియా ఆట గది కాదు. వాళ్ళు అసలు లొల్లే చెయ్యరు. బంతి పట్టుకున్నోని మీదికి అందరు ఉరకరు. బంతి ఎటు పోతదో ముందుగాల చూసుకొని అక్కడ నిలవడ్తరు. చూస్తాంటె నాకు సిగ్గయింది."

"మరి గెలిచినం గద టీచర్" అంది సుగుణ.

"అవతలి పిల్లలు భయపడ్డరు, మీరు గెలిచిన్రు. రేపు భయపడనోళ్ళు వస్తే ఏం చేస్తరు?"

నాకు నాన్న మాట గుర్తొచ్చింది. "జోనల్ అయ్యేదాక పాతదే ఆడుదాం టీచర్. అటెన్క కొత్తది నేర్చుకుంటం" అన్నాను.

"నీ ఫికర్ నాకు తెలుసు బిడ్డా. ఆడేది మీరు, మీరే చెప్పున్రి. కాని తప్పని తెలిసినంక నేర్పాలంటె నాకు నోరొస్తలేదు."

ఒక్కొక్కరే కొత్తదానికి చేతులెత్తారు. అందరికంటే చివర నేను ఎత్తాను. ఇష్టమై కాదు, ఆవిడ మొహం చూడలేక.

జోనల్ ఫైనల్లో ఖమ్మం పిల్లల చేతిలో ఓడిపోయాం. కొత్త ఆట సగం వచ్చీ సగం రాక, బంతి ఎటు వెళుతుందో చూసుకునేలోపు వాళ్ళు బుట్టలో వేసి వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. స్టేట్ టీంలో మా బడి పేరే లేదు. తిరుగు బస్సులో టీచర్ నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, కాజీపేట దాకా వదల్లేదు.

ఆ సాయంత్రమే మా క్వార్టర్‌కు వచ్చింది. నాన్న డ్యూటీకి వెళ్ళబోతూ ఆగి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"అన్నా, ఇయ్యాల ఓడింది పిల్ల కాదు, నేను. గెలిచే ఆట ఇడిపిచ్చి కొత్తది పెట్టిన. తప్పు నాది. శిక్ష దానికి ఎయ్యకున్రి."

నాన్న, "పాతదే ఆడిస్తే గెలుస్తుండె గద టీచరమ్మా. తప్పని ఎవరికి తెల్వకపోవు" అన్నాడు.

"నాకు తెలుసు గదన్నా" అంది టీచర్.

తలుపు చాటున నిలబడి ఆ మాట విన్నాను. ఒక పెద్దమనిషి, మా నాన్నంతటి మొండివాడి ముందు, ఒక పదో తరగతి పిల్ల ఆట కోసం తప్పు తన నెత్తిన వేసుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ క్షణం ఆవిడ మీద పుట్టిన గౌరవం ఇప్పటికీ పిసరంత తగ్గలేదు. నాన్న టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, "ఇంటర్ దాక చూస్తా" అని బయటికి నడిచాడు.

ఆ ఇంటర్ కాస్తా డిగ్రీ దాకా సాగింది. ఆ తర్వాత ఆట వల్లే రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఆసియా పోటీలు జరిగినప్పుడల్లా టీచర్ దగ్గర నుంచి కబురొచ్చేది, ఎవరు గెలిచారో కనుక్కుని చెప్పమని. పేపర్లో చూసే ఉండేది. నేను ఇంకా పట్టించుకుంటున్నానో లేదో తెలుసుకోవాలని ఆ అడగడం. చెబితే, "మంచిది, మర్చిపోలే నువ్వు" అనేది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. నాన్న ఒప్పుకున్న మర్నాడు బడి వదిలాక కోర్టుకు వెళ్తే అక్కడ టీచర్ ఒక్కతే ఉంది. సుగుణ వాళ్ళు ఓడిన దుఃఖంలో ఎవరూ రాలేదు. బంతి నా చేతికిచ్చి, "నేను గుడ నేర్చుకోవాలె గద. దా, నన్ను దాటిపో" అంది. యాభై దగ్గర పడ్డ మనిషి. నేను కుడికి కదిలితే కుడికి, ఎడమకు కదిలితే ఎడమకు. అరవలేదు, చప్పట్లు కొట్టలేదు, బంతి వైపు అసలు చూడలేదు. ఊపిరి ఎగబోస్తోంది, చీర కుచ్చిళ్ళు మట్టిలో జీరాడుతున్నాయి, పెదాల మీద మాత్రం నవ్వు. ఆవిడ నెత్తి నా భుజం దగ్గరే ఉంది. పైనుంచి బుట్టలోకి విసిరేస్తే అయిపోయేది. అలా దాటాలని నాకు అనిపించలేదు. రెండు చేతులూ చాచి, నేను ఎటు వెళ్ళబోతున్నానో అటు, నాకంటే ముందే వచ్చి ఆవిడ నిలబడుతోంది.