నర్సింగ్ నీళ్లు

నేను లంగా అంచు తొక్కుకుంటూ పరుగెత్తే రోజుల్లో... మా లాల్‌దర్వాజా గల్లీ మూల మీద రెండు రంజన్లు ఉండేవి. తడిపిన ఎర్రగుడ్డ చుట్టిన పెద్ద మట్టికుండలు. వాటి వెనక గోడకు ఆనించిన షాబాదు బండ. దాని మీద ఉలితో చెక్కిన పేరు ఒక్కటే... నర్సింగ్.

మా గల్లీ యాదమ్మ పెద్దమ్మకు నర్సింగ్ ఒక్కడే కొడుకు. డెబ్బై ఒకటిలో యుద్ధానికి పోయాడు. మనిషి రాలేదు, శవమూ రాలేదు... టెలిగ్రాం వచ్చింది. కాల్చడానికి ఏమీ లేదు, సమాధి కట్టడానికీ ఏమీ లేదు. అందుకే ఆమె నీళ్లు పెట్టింది. ఎండాకాలమంతా నల్లా దగ్గర కొట్లాడి, బిందెలు మోసి, ఆ కుండలు నింపేది.

రిక్షావాళ్లు, పత్తర్‌గట్టి బజారుకు మూటలు మోసే హమాలీలు ఆగేవాళ్లు. "నర్సింగ్ కా పానీ పిలావ్ అమ్మా!" అనేవాళ్లు. ఆ పేరు వినపడగానే పెద్దమ్మ ముఖం చూడాలి... కొడుకు పని నుంచి ఇంటికొచ్చినట్టే ఉండేది.

నా నోరు ఊరుకోదు కదా... ఇప్పుడూ అంతే అనుకోండి. ఓ మధ్యాహ్నం రిక్షా ఖాసిం భాయ్ గటగటా తాగుతుంటే వెనక నుంచి అరిచాను.

"భాయ్! కుండల బల్లి పడ్డది!"

ఆయన ఎగిరి పడతాడు, నేను నవ్వుకుంటాను... అంతే అనుకున్నాను. ఆయన అక్కడే కూలబడి భళ్లున కక్కాడు. ఉత్త భయానికే కక్కాడు. "ఉత్తగనే అన్న భాయ్" అనేలోపే గల్లీ అంతా పోగైంది. నేను జారుకున్నాను.

సాయంత్రానికి నా బల్లి తొండంత అయింది. పత్తర్‌గట్టి దాకా పాకింది.

పెద్దమ్మ ఆ కుండలు పగలగొట్టి కొత్తవి తెచ్చింది. పసుపు రాసింది. మూత మీద రాయి పెట్టింది. ఎవరూ ఆగలేదు. నాలుగో రోజు గ్లాసు పట్టుకుని రిక్షాలకు అడ్డం పడింది.

"జర తాగుండ్రయ్యా... ఇగో, నేను తాగుతున్న సూడుండ్రి! సచ్చిన్నా? నా కొడుకు పేరు మీది నీళ్లు... ఒక్క గుక్క!"

"నక్కో అమ్మా..." అంటూ ఖాసిం భాయ్ కూడా తల తిప్పుకుని తొక్కుకుంటూ పోయాడు.

అప్పుడు నన్ను చూసింది. "నువ్వన్నా తాగు బిడ్డా."

తాగాను. రెండు గ్లాసులు, మూడు, ఐదు... కడుపు ఉబ్బేదాకా. నిజం నోటి దాకా వచ్చేది, నీళ్లతో పాటు మింగేసేదాన్ని. ఆమె నా తల నిమిరి "నా బంగారం" అంది. చెంప పగలగొట్టినా బాగుండేది.

మరుసటి ఎండాకాలానికి కుండలు బోర్లించి ఉన్నాయి. కొన్నాళ్లకు పెద్దమ్మా లేదు.

మొన్న పోయి చూశాను. ఆ బండ ఓ దుకాణం ముందు మురుగు మోరీ మీద మూతగా పడి ఉంది. పేరు పైకే ఉంది, సగం అరిగింది. నీళ్ల సీసాలు పట్టుకున్న జనం దాన్ని తొక్కుకుంటూ పోతున్నారు. ఈ నర్సింగ్ ఎవరో తెలుసా అని దుకాణం పిల్లగాడిని అడిగితే, "ఏ నర్సింగ్, ఆంటీ?" అన్నాడు.

ఇన్నేళ్లలో మస్తు మందిని ఏడిపించాను... ఈ ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకే చెబుతున్నాను. మీ గల్లీలోనూ ఇలాంటి పేరున్న బండ ఉంటే ఆ పేరు ఈ కథ కింద రాయండి. దానికి ముందు... ఒక గ్లాసు నీళ్లు తాగి, ఒక్కసారి గట్టిగా "నర్సింగ్" అనండి.

బల్లి లేదు. ఒట్టు.