మంచం కింద ముసలావిడ

మా ఇంట్లో ఇప్పటిదాకా మూడు కుక్కలు కాపురం చేశాయి. మూడూ టెర్రియర్లే. మూడూ ముసలివే. టెర్రియర్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను: మోకాలెత్తు మనిషి, ఒళ్లంతా కొబ్బరి పీచు అతికించినట్టు బొచ్చు, రిటైరైన హెడ్‌మాస్టరు గడ్డం, తాను ఏనుగు కంటే రెండంగుళాలు ఎక్కువేనని గట్టి నమ్మకం. ఎలుకల్ని పట్టడానికే పుట్టిన జాతి. సూరత్‌లో దారం గోదాములున్న శేఠ్‌లు కొందరు అందుకే వీటిని పెంచుతారు. వయసు మీద పడి ఎలుక ముందు ఓడిపోయిన రోజున గేటు బయట కూర్చోబెడతారు.

నా ఉద్యోగం గుడ్డలో తప్పులు పట్టడం. సూరత్ పక్కన జోల్వాలో ఒక మరమగ్గాల కార్ఖానాలో, లైటు వెలిగే బల్ల మీది నుంచి పారుతున్న బట్టను చూస్తూ కూర్చుంటాను. తెగిన పోగో నూనె మరకో కనిపిస్తే చాక్‌పీసుతో గీత పెడతాను. ఇరవై ఆరేళ్లలో నా కళ్ల ముందు నుంచి పోయిన బట్టతో చందమామకు లుంగీ కుట్టించి, మిగిలిన దాంతో తలపాగా కూడా చుట్టొచ్చు. గీత పడిన బట్ట సెకండ్స్ కిందికి పోతుంది, అంటే పక్కకు. అట్లా పక్కకు పెట్టినవాటి మీద నాకు మొదటి నుంచీ ఒక కన్నుంది. ఎందుకని అడిగితే చెప్పలేను.

మొదటాయన మా కార్ఖానా పక్క గోదాం నుంచి వచ్చారు. ఒక మధ్యాహ్నం ఆయన పడుకుని ఉండగా ఎలుక ఒకటి ఆయన వీపు మీదుగా నడిచి అవతలికి పోయింది. నేను కళ్లారా చూశాను. అది నడుమ ఆగి మొహం కూడా కడుక్కుంది. మర్నాడు ఆయన గేటు బయట ఉన్నారు. దారం కోన్లు వచ్చే అట్టపెట్టెలో కూర్చోబెట్టి స్కూటర్ మీద ఆల్థాన్‌లో మా ఇంటికి తెచ్చాను. దారి పొడుగునా గడ్డం గాలికి వదిలి, ఎన్నికల్లో గెలిచిన మంత్రిలాగా రెండు పక్కలా జనాన్ని చూస్తూ వచ్చారు. పుట్టింది మొదలు మగ్గాల పక్కనే పెరిగారు కాబట్టి చెవులు పూర్తిగా పోయాయి. రెండేళ్లున్నారు.

రెండో ఆయన్ని మా వీధిలోనే ఒక అపార్ట్‌మెంట్ కుటుంబం వేరే ఊరికి పోతూ వాచ్‌మన్ కుర్చీ కాలికి కట్టేసి పోయింది. పధ్నాలుగు మంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో పెరిగిన మనిషి. కుక్కర్ కూత, టీవీ, కనీసం ఇద్దరి పోట్లాట, ఈ మూడూ ఒకేసారి వినిపిస్తే తప్ప ఆయనకు కునుకు పట్టేది కాదు. ఆదివారం పొద్దున లోచో బండి దగ్గరికి నన్ను లాక్కుపోయేవారు. శనగపిండితో ఆవిరి మీద వండే ఆ మెత్తటి పదార్థాన్ని సూరత్ ఊరంతా కలిసి తిన్నది ఒకెత్తు, ఆయనొక్కరు తిన్నది ఒకెత్తు. గుండె జబ్బుతో పోయారు. వాన పడుతున్న ఒక మధ్యాహ్నం మా ఆవిడ పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నారు, లేవలేదు. ఆమె సాయంత్రం దాకా ఆ పాదం కదపలేదు. నేను ప్రతిదీ పెంచి చెప్తానని మా చుట్టాల్లో పేరుంది. ఇది మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాను.

ఆ తర్వాత ఆమె చిన్న మాట ఒకటి అంది. "ఇగ చాలు."

ఏడాది పాటు నేను ఆ మాట దాటలేదు. ఊరి చివర ఒక బెన్ కుక్కల ఆశ్రమం నడుపుతుంది. బెన్ అంటే ఇక్కడ అక్క అని. చలికాలం వస్తే మా కార్ఖానాలో మిగిలిన సెకండ్స్ ముక్కల్ని, శేఠ్‌ను అడిగి, పరుపుల కింద వేయడానికి ఆమెకు ఇచ్చి వస్తుంటాను. అట్లా మూట తీసుకుని పోయినవాణ్ణి, మూట ఇచ్చి, మూడో ఆవిడను పట్టుకుని వచ్చాను.

తలుపు తీసిన మా ఆవిడ మొదట నా చేతుల్లోకి, తర్వాత నా మొహంలోకి చూసింది.

"గదేంది?"

"టెర్రియర్."

"గది నాకు కనవడుతలేదా? ఏండ్లెన్ని దీనికి?"

"పది ఉంటయేమో."

"పిల్లను తేవు, పడుచుదాన్ని తేవు. రేపో మాపో పోయేదాన్నే వెతికి వెతికి తెస్తవ్. నన్ను ఏడ్పియ్యనీకే తెస్తున్నవా?"

ఒక చెవి సగం చినిగి ఉంది. పళ్లు అయిదో ఆరో ఉన్నాయి. బెన్ చెప్పిన సంగతి చెప్పాను. ఈవిడ ఇంతకుముందే రెండిళ్లకు పోయి తిరిగొచ్చింది. తినదు, కలవదు అని ఇద్దరూ వాపసు ఇచ్చారు. బెన్ నాకు పదిహేను రోజుల గడువిచ్చింది. ఈవిడ మన ఇంట్లో కుదురుకుంటే సరి, లేకపోతే బెన్ వచ్చి తీసుకుపోతుంది, ఆ తర్వాత ఇక ఎవరికీ ఇవ్వదు. మిగిలిన రోజులన్నీ ఆశ్రమంలో ఇనప జాలీ వెనకాలే.

మా ఆవిడ గిన్నెలో పాలు పోసింది. "పదిహేను దినాలే," అని నాకు వేలు చూపించింది.

నేను కింద దించిన మరుక్షణం మూడో ఆవిడ మంచం కిందికి పోయింది. గోడ మూలకు పోయి, ముక్కు గోడకు పెట్టి, వీపు మాకు తిప్పింది. మేం లేనప్పుడు గిన్నెలో నాలుగు మెతుకులు తగ్గేవి. మేం వస్తే మళ్లీ మూలకే.

ఇక్కడ మా గొంతుల గురించి చెప్పాలి. మాది సిరిసిల్ల దిక్కు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. మా ఆవిడ వాళ్ల నాయిన సాంచాల పక్కన కండెలు చుడుతూ పెరిగింది. నలభై సాంచాలు ఒక్కసారి ఆడే షెడ్డులో "అన్నం తిన్నవా" అని అడగాలంటే, బయటి లోకంలో ఊరు తగలబడుతోందని చెప్పేంత గొంతు కావాలి. ఆ గొంతుతోనే లాలి పాడతాం, ఆ గొంతుతోనే దేవుడికి మొక్కుతాం. మేమిద్దరం వంటింట్లో ముచ్చటపెట్టుకుంటే తాపీ నదికి అవతల పక్షులు లేచిపోతాయి. మొదటాయనకు చెవుల్లేవు. రెండో ఆయనకు సద్దు లేకపోతే నిద్రలేదు. అందుకని మా గొంతుల వల్ల ఎవరికైనా ఇబ్బంది ఉంటుందని మాకు ఏనాడూ తోచలేదు.

పది రోజులు మేం మూడో ఆవిడను ప్రేమించని క్షణం లేదు. మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుని మా ఆవిడ, "దా బిడ్డా! దా! జర తిను తల్లీ!" అని పిలిచేది. పాల ప్యాకెట్టు వేసే మనిషి భయపడి రెండు ప్యాకెట్లు ఎక్కువ వేసిపోయాడు. ఆమె ఊపిరి తీసుకునే సందులో నేను అందుకునేవాణ్ణి. మేం ఎంత ప్రేమిస్తే ఆవిడ అంత గోడలోకి పోయేది. పదో రోజుకు, ఇంకో రెండు పిలుపులు పిలిస్తే గోడ అవతల పక్కింట్లో తేలుతుందనిపించింది.

"మొండిది," అన్నాను.

"మొండిది కాదు, మనమంటే మనసు లేదు దానికి," అంది మా ఆవిడ. అన్నం సగంలో వదిలి లేచింది. పదిహేను దినాలే అని వేలు చూపించిన మనిషి.

పదకొండో రోజు మా బావ వచ్చాడు. మా ఆవిడకు అన్న. నలభై ఏళ్లు సాంచాలు నడిపినవాడు. ఒక్క చెవీ పని చేయదు. షెడ్డులో సాంచాలు నడిపే కారీగర్లు గొంతు అరిగిపోయాక చేతుల్తో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగింది అని. అరచెయ్యి కిందికి వంచి వేళ్లు నెమ్మదిగా ముడిస్తే ఇటు రా అని. ఒక చెయ్యి గిర్రున తిప్పుతూ రెండో అరచెయ్యి అడ్డం నిలబెడితే, బండి నడుస్తోంది, చెయ్యి పెట్టకు అని. బావ ఇంట్లోనూ ఆ భాషే వాడతాడు. నోటిని తినడానికే ఉంచుకున్నాడు.

ఆయన కుర్చీలో కూర్చోడు. నేల మీద గోడకానుకుని కూర్చుని, జొన్నరొట్టె తుంపుకుంటూ, మంచం వైపు చూడకుండానే ఒక ముక్క మోకాలి పక్కన పెట్టాడు. అరచెయ్యి కిందికి వంచి, వేళ్లు ఒకసారి ముడిచాడు. మళ్లీ తన తిండిలో పడ్డాడు.

మంచం కింది నుంచి ముందు గడ్డం వచ్చింది. తర్వాత చినిగిన చెవి. ఆవిడ రొట్టె ముక్క తీసుకుని, అక్కడే నిలబడి నమిలింది. ఉన్న పళ్లు తక్కువ కాబట్టి చాలాసేపే పట్టింది.

"అన్నా!" అని అరిచింది మా ఆవిడ సంతోషం పట్టలేక. మూడో ఆవిడ మాయం. మళ్లీ గోడ.

బావ చెల్లెలి వైపు చూసి, అరుదుగా వాడే నోరు తెరిచాడు. "గంత ఒర్లితే అదెట్లొస్తది?"

"నీకు ఇనవడదు గదా బావా, ఒర్లిందని నీకెట్ల తెల్సు?" అని నేనడిగాను. పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు.

తన మెడ పక్కన వేలు పెట్టుకున్నాడు. "ఇనవడది. మీ మెడ నరాలు కనవడ్తయి గదా. గవి చూస్తే నాకే భయమైతది."

మేమిద్దరం ఒకరి మెడ ఒకరం చూసుకున్నాం. అబద్ధమెందుకు, ఆమె మెడ మీద కరెంటు వైరంత నరం ఉంది. నాది ఇంకా లావు.

మూడో ఆవిడ వెనకటి ఇళ్లలో ఏం జరిగిందో మాకు తెలియదు. ఎవరి ఇంట్లోనో గొంతు లేచాక చీపురో చెప్పో లేచి ఉంటుంది. మా ఇంట్లో గొంతు లేచాక పాలగిన్నె వస్తుందని ఆవిడకెవరు చెప్పాలి? మా ప్రేమ, ఇంకొకరి కోపం, వినడానికి రెండూ ఒకటే. పది రోజులు మేం ఆవిడను రోజుకు నలభైసార్లు తిడుతూనే ఉన్నాం, ఆవిడ లెక్కన.

ఆ పూట నుంచి మా ఇంట్లో సాంచాల భాష మొదలైంది. మిగిలింది నాలుగు రోజులు. టీ కావాలంటే బొటనవేలు నోటి దగ్గరికి. ఫోన్ వస్తే బాల్కనీలోకి పరుగు. మూడో రోజు ఉప్పు ఎక్కువైన పప్పు మీద పోట్లాట వచ్చింది. తీరా మొదలుపెడితే, ఆ భాషలో మొగుణ్ణి తిట్టడానికి సైగలే లేవు. మా ఆవిడ పోగు తెగిందని చూపించింది, బీముకు చుట్టిన దారం అయిపోయిందని చూపించింది, చివరికి నా మొహం మీద చాక్‌పీసు గీత పెడుతున్నట్టు గాలిలో గీసింది. నన్ను సెకండ్స్‌లో వేసిందన్నమాట. ఇద్దరం చప్పుడు లేకుండా నవ్వుకున్నాం. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటుంటే, మంచం అంచు కింద ఒక ముక్కు కనిపించింది.

పెళ్లయ్యాక మేం ఒకరి మొహం ఒకరం అంతసేపు చూసుకోవడం అదే మొదలు. చూడకపోతే మాట అందదు మరి. ఆమె ఎడమ చెవి మాట పట్టడం లేదని నాకు ఆ నాలుగు రోజుల్లోనే తెలిసింది. నావి రెండూ సగం పోయాయని ఆమెకు ముందే తెలుసట. బావ దారిలోనే ఉన్నాం ఇద్దరం. ఇది కూడా పెంచి చెప్పడం లేదు.

పదిహేనో రోజు పొద్దున బెన్ వచ్చింది, చేతిలో కుక్క మెడకు కట్టే పట్టాతో. కాలింగ్‌బెల్ మోగగానే, అప్పటికే గుమ్మం దాకా రావడం నేర్చిన మూడో ఆవిడ ఉరికి మంచం కింద దూరింది.

బెన్ వంగి చూసింది. మెత్తటి మనిషి, హిందీలో మెల్లగా అంది. "పదిహేను రోజులైనా మంచం కిందే ఉంది కదా భాయీ. దాన్ని ఇంకా ఎందుకు బాధపెట్టడం?"

లేదు బెన్, నిన్న వంటింట్లోకి వచ్చింది, మొన్న నా చెప్పు కొరికింది, ఇవన్నీ చెప్పడానికి నేను నోరు తెరిచాను. మెడలో నరం లేస్తున్నట్టు నాకే తెలిసింది. మా ఆవిడ అరచెయ్యి నా ఛాతీ మీద పడింది. నోరు మూశాను.

ఆమె నేల మీద కూర్చుంది. మంచం వైపు చూడలేదు. అరచెయ్యి కిందికి వంచి, వేళ్లు ఒకసారి ముడిచింది. గోడ గడియారంలో రెండు నిమిషాలు, నా గుండెలో రెండు యుగాలు గడిచాయి. మా ఆవిడ ఆ చెయ్యి వెనక్కి తియ్యలేదు. ఇగ చాలు అన్న మనిషి.

గడ్డం బయటికొచ్చింది. చెవి వచ్చింది. ఆవిడ బెన్‌ను చూసి ఆగింది, పట్టాను చూసి ఇంకాసేపు ఆగింది. తర్వాత గోడ వెంబడి నడిచి వచ్చి, మా ఆవిడ పాదం మీద గడ్డం పెట్టి కూర్చుంది. రెండో ఆయన పెట్టిన పాదమే.

బెన్ సంతోషంగా తల నిమరబోయి ముందుకు వంగింది. పట్టా ఇంకా ఆ చేతిలోనే ఉంది. మా ఆవిడ తలెత్తి, ఒక చెయ్యి గిర్రున తిప్పి, రెండో అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమంటున్నారు?" బెన్ నన్ను అడిగింది.

బండి నడుస్తోంది, చెయ్యి పెట్టొద్దు అంటోంది అని చెప్పాను.

"కొంచెం గట్టిగా చెప్పండి భాయీ, వినపడలేదు."

నేను పుట్టాక ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆమె. చేతులతో మళ్లీ చూపించాను.