మేనేజర్ గారి తుంటి కీళ్ళు

మునిలక్ష్మికి కుక్కలంటే ఇష్టం లేదు. అలాగని కోపమూ లేదు. తిరుత్తణిలో బజారు వెనక సందులో, ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని ఇన్నేళ్ళుగా జాకెట్లు కుడుతున్న ఆమెకు కుక్కల మీద ఒక అభిప్రాయం ఏర్పరచుకునే తీరిక దొరకలేదు.

ఆమె పుట్టింది పళ్ళిపట్టు దగ్గర ఒక పల్లెలో. చేసుకున్నది అమ్మ తమ్ముడు వరదరాజులునే. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ అతన్ని మామా అనే పిలుస్తోంది కాబట్టి, పెళ్ళయ్యాక పిలుపు మార్చుకోవలసిన పని పడలేదు. వరదరాజులు చిత్తూరు రూటులో బస్సు నడిపి రిటైరయ్యాడు. బస్సు పోయింది గానీ, క్లచ్ తొక్కీ తొక్కీ అరిగిన ఎడమ మోకాలు అతని దగ్గరే ఉండిపోయింది.

మేడ మీద వాటాలో ఒక బ్యాంకు మేనేజరు ఉండేవాడు. ఆయనకొక లాబ్రడార్ కుక్క. కోయంబత్తూరుకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు, అక్కడి అపార్టుమెంటులో కుక్కల్ని రానివ్వరట, వేరే ఇల్లు చూసుకుని రెండు వారాల్లో వచ్చి తీసుకుపోతానని చెప్పి వదిలివెళ్ళాడు. అది మూడేళ్ళ కిందటి మాట. కుక్క అసలు పేరు డ్యూక్. ఆ పేరు వీధిలో ఎవరి నోటా సరిగ్గా పలకలేదు. మేనేజర్ కుక్క అనేవాళ్ళు. తర్వాత కుక్క అనే మాట కూడా రాలిపోయి ఉత్త మేనేజర్ మిగిలింది.

"అది గడప దాటి లోపలికి రాకూడదు మామా" అని మునిలక్ష్మి మొదటిరోజే చెప్పింది. వానాకాలం రాగానే మేనేజర్ గడప దాటి వచ్చి మిషను కింద పడుకున్నాడు. ఆమె కాళ్ళు కొంచెం పక్కకు జరుపుకుని కుట్టుకోసాగింది. ఆ తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పోయిన కార్తీకంలో ఒకరోజు పొద్దున మేనేజర్ లేవలేకపోయాడు. ముందుకాళ్ళు లేచాయి. వెనకకాళ్ళు టైల్స్ మీద చెరోవైపుకు జారిపోయాయి. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ జారాయి. అరవలేదు. తన వెనక భాగం ఇంకెవరిదో అయినట్టు దానివైపు తిరిగి చూశాడు.

వరదరాజులు తన మోకాలికి రాసుకునే కర్పూర తైలం తెచ్చి దాని తుంటికి బాగా పట్టించాడు. కుక్క దాన్ని నాకి వాంతి చేసుకుంది. మరునాడు అతను మునిలక్ష్మికి తెలియకుండా తన నొప్పి మాత్ర ఒకటి ఇడ్లీలో పెట్టి ఇచ్చాడు. ఆ పూట కాస్త నయంగా కనిపించింది. ఆ ధైర్యంతో తర్వాతి రోజు కూడా ఇచ్చాడు. దాంతో కుక్క తిండి మానేసింది, విరేచనం నల్లగా పడింది.

కుట్టియానై అని పిలిచే చిన్న లోడుబండి నడిపే తణికైవేల్ అదే వీధిలో ఉంటాడు. విషయం విని అతను సందేహమే లేదన్నట్టు చెప్పాడు.

"ఎముక సంగతైతే పుత్తూరే అక్కా. మా నాయనకు చెయ్యి విరిగితే ఆడే కట్టు కట్టించినాం. ఇప్పుడు ఆ చేత్తోనే నన్ను కొడతాడు."

ముగ్గురూ కుక్కను బండి ఎక్కించుకుని పుత్తూరు వైపు ఒక పల్లెలో కట్లు కట్టే పెద్దాయన దగ్గరికి పోయారు. ఆయన కుక్క అని విసుక్కోలేదు. తుంటి మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, చాలాసేపు తడిమి చూశాడు.

"విరగలేదమ్మా. అరిగింది" అన్నాడు. "విరిగినదానికి కట్టు కడతా. అరిగినదానికి కడితే ఆ నడిచే నాలుగడుగులు కూడా పోతాయి. పశువుల డాక్టరుకు చూపించండి."

తిరిగి వచ్చేటప్పుడు తణికైవేల్ గుంతల దగ్గర బండిని నడక మీద పోనిచ్చాడు.

తిరువళ్లూరులో డాక్టర్ పార్థిబన్ అని ఒక పశువైద్యుడున్నాడు. మందులతో పాటు సూదుల వైద్యం, మాలీషు, నీళ్ళలో వ్యాయామం కూడా చేయిస్తాడని మునిలక్ష్మి దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె చెప్పింది. ఆయన ఎక్స్‌రే తీసి, దీపం ముందు పెట్టి చూసి, తమిళంలో అడిగాడు.

"మనుషుల మాత్రలు ఏమైనా ఇచ్చారా?"

మునిలక్ష్మి లేదంది. వరదరాజులు గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. డాక్టరు అతని వైపు తిరిగాడు. మునిలక్ష్మి కూడా మామ వైపు తిరిగింది.

"రెండే" అన్నాడు వరదరాజులు క్యాలెండరుతో.

డాక్టరు కోప్పడలేదు. మన మాత్రలు కుక్క కడుపును, కిడ్నీలను పాడుచేస్తాయనీ, తుంటి దగ్గర వాసన కొడుతున్న కర్పూర తైలం విషంతో సమానమనీ చెప్పాడు. తర్వాత అసలు జబ్బు చెప్పాడు. ఈ జాతిలో కొన్నింటికి పుట్టుకతోనే తుంటి గిన్నెలో ఎముక సరిగ్గా కూర్చోదు. వయసుతో అరుగుతుంది. ఒళ్ళు పెరిగితే ఇంకా తొందరగా అరుగుతుంది. ఈ వయసులో, ఈ బరువుతో ఆపరేషన్ వద్దు. కడుపు కుదుటపడ్డాక కుక్కల కోసమే ఉన్న నొప్పి మందు కొద్దిగా ఇద్దాం. మిగతాది సూదులు, మాలీషు, కాపడం, బరువు తగ్గించడం, జారని నేల, ఈత.

"ఇవన్నీ చేస్తే బాగైపోతాడా సార్?" అని అడిగింది మునిలక్ష్మి.

"బాగవడు. వలి తగ్గొచ్చు" అన్నాడాయన. నొప్పి అనే మాటను మాత్రం తమిళంలోనే ఉంచి, మిగతాది ఆమె కోసం తెలుగులో చెప్పాడు.

"నాకూ ఇదే సార్, ఎడమ మోకాలు" అని వరదరాజులు పంచె పైకెత్తబోయాడు.

"నేను కుక్కల డాక్టర్ని సార్."

"తెలుసు. ఊరికే చూస్తారని."

ఆ రోజే మొదటిసారి సూదులు వేశారు. వెంట్రుకంత సన్నం సూదులు నడుం పొడుగునా ఒక్కొక్కటే దిగుతుంటే మేనేజర్ ఆవులించి, తల వాల్చి, గురకపెట్టాడు. కళ్ళు తిరిగింది వరదరాజులుకు. నర్సు అతనికి కుర్చీ వేసి నీళ్ళిచ్చింది.

ఇంటికి వచ్చాక మునిలక్ష్మి తన పని మొదలుపెట్టింది. జాకెట్ల కత్తిరింపు ముక్కలన్నీ బొంతల్లా కుట్టి, కింద గోనెపట్టా వేసి, గది నుంచి వాకిలి దాకా పరిచింది. పట్టు, నూలు, లైనింగు, బార్డరు ముక్కలు అన్నీ కలిసి ఆ దారి పెళ్ళి పందిరి లాగా తయారైంది. మేనేజర్ దాని మీద జారకుండా నాలుగడుగులు వేసి నిలబడ్డాడు. తర్వాత వెనక భాగాన్ని పైకి ఎత్తిపట్టుకోవడానికి ఒక పట్టీ కుట్టాలనుకుంది. టేపు తీసి అతని నడుం కొలుస్తున్న సమయానికి, పెళ్ళి జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి ఒకామె వచ్చింది.

"ఎవరికక్కా?"

"ఈయనకే."

"డిజైనేమన్నా పెడతావా?"

"రెండు పిడులు పెడతాను. ఎత్తేదానికి."

పాత జీన్స్ గుడ్డ, లోపల మెత్తటి లైనింగు. ఆ పట్టీతో వరదరాజులు కుక్కను వీధిలోకి తీసుకుపోయేవాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు అతను బరువైన సంచీ ఏదో మోస్తున్నట్టుండేది.

పొద్దునా సాయంత్రం ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి, ముందు తన ముంజేతి మీద పెట్టి వేడి చూసుకుని, అప్పుడు తుంటికి కాపడం పెట్టేది. తర్వాత డాక్టరు చూపించినట్టు కాళ్ళు నెమ్మదిగా మడిచి చాపేది. తిండిలో పసుపు వెయ్యమంటారా అని అడిగితే, వెయ్యి, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. వరదరాజులు తన వంతుగా కొండ మీది మురుగనికి గుండు మొక్కుకుని, ఆ వారమే తీర్చేసుకున్నాడు కూడా. అతని తల మీద ఉన్న జుట్టుతో స్వామికి పెద్ద లాభం లేదు. డాక్టరు దానికీ అభ్యంతరం చెప్పలేదు.

బరువు మాత్రం తగ్గలేదు. పెరుగన్నం మానేసి, కొలత ప్రకారం ఉడికించిన కోడిమాంసం, గుమ్మడికాయ పెడుతున్నా తగ్గలేదు. ఒకరోజు పొద్దున మేనేజర్ ముక్కు మీద పుదీనా చట్నీ కనబడింది.

"మామా."

"ఏందిమే."

"దోసె పెట్టినావా?"

"అడిగినాడు."

"ఎట్ల అడిగినాడు?"

"చూసినాడు."

ఆ రోజు నుంచి ఇంట్లో దోసెలు పోయడం మానేసింది. వరదరాజులు రాగి సంగటికి దిగాడు. నెల తిరిగేసరికి ఇద్దరూ కొంచెం తగ్గారు.

అయినా ధనుర్మాసపు మార్గళి చలి మొదలయ్యాక మేనేజర్ పరిస్థితి దిగజారింది. సూదులు వేయించిన మరునాడు తేలిగ్గా ఉండేది, తర్వాత మళ్ళీ మామూలే. ఇద్దరు పట్టుకుంటే గాని లేచేవాడు కాదు. పడుకున్న చోటే తడిపేసుకుని తల పక్కకు తిప్పుకునేవాడు. మునిలక్ష్మి బొంత మార్చి, వేడినీళ్ళతో తుడిచి, మిషను దగ్గరికి పోయేది. ఆమె తమ్ముడు మునికృష్ణ పల్లె నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, బాధపడకుంటే ఒక మాట. డాక్టర్ని అడిగి కన్ను మూసే సూది ఒకటి ఏయించేస్తే దానికే మంచిది గదా."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రం ఒక జాకెట్టుకు ఎడమ చెయ్యి తీసుకుపోయి కుడివైపు కుట్టింది. అలా ఎప్పుడూ చెయ్యలేదు. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ అలాగే వచ్చింది. అప్పుడు మిషను మీద తల పెట్టుకుంది.

మరుసటి వారం మామను బయట కూర్చోబెట్టి డాక్టర్ని తానే అడిగింది.

"నేను దాన్ని ఊరికే బాధపెడతా ఉండానా సార్? ఉన్నదున్నట్టు చెప్పండి."

డాక్టర్ పార్థిబన్ కుక్క పక్కన వంగాడు. మేనేజర్ దవడ కింద వేళ్ళు పెట్టి గోకాడు.

"తింటున్నాడా?"

"గిన్నె కూడా తింటాడు."

"నువ్వొస్తే చూస్తాడా?"

"తోక కొడతాడు. దాంతోనే దుమ్మంతా లేస్తాది."

"అయితే ఇంకా సమయం రాలేదమ్మా. వస్తే నేనే చెప్తా, నువ్వు అడగొద్దు" అన్నాడు. నొప్పి మందు కొంచెం పెంచాడు. "ఎండ ముదరనీ. ఈత ఇంకా మనం మొదలే పెట్టలేదు కదా."

మాసి నెలలో, శివరాత్రి దాటి ఎండలు బాగా కాసేదాకా ఆగారు. మునికృష్ణకు పళ్ళిపట్టు దారిలో చెరుకు తోట ఉంది, బోరునీళ్ళు పట్టే సిమెంటు తొట్టి ఉంది. పొద్దున్నే నింపితే మధ్యాహ్నానికి నీళ్ళు గోరువెచ్చనవుతాయి. తణికైవేల్ బండిలో వాళ్ళు అక్కడికి చేరేసరికి మునికృష్ణ తొట్టికి ఒక పక్క రాళ్ళు పేర్చి మెట్లలాగా చేసి ఉంచాడు. ఫోన్లో అన్న మాట అతనూ ఎత్తలేదు, అక్కా ఎత్తలేదు.

మేనేజర్ నీళ్ళను చూసి గట్టు మీదే కూర్చున్నాడు. మాంసం ముక్క చూపించినా కదల్లేదు.

"మామా, నువ్వు దిగితేనే వస్తాడు" అన్నాడు మునికృష్ణ.

"నాకు మోకాలు..."

"వాడికి తుంటి" అంది మునిలక్ష్మి.

వరదరాజులు పంచె ఎగ్గట్టి, రాళ్ళ మీద ఒక్కొక్క కాలే పెడుతూ ఎదురొమ్ము లోతుకు దిగాడు. దిగి నిలబడి చేతులు చాచాడు. మునికృష్ణ, తణికైవేల్ చెరోవైపు పట్టీ పట్టుకుని కుక్కను నీళ్ళలోకి దించారు. మొదట అది భయంతో వరదరాజులు భుజం ఎక్కబోయింది. గోళ్ళు గీరుకుని అతని మెడ మీద నెత్తురు చిమ్మింది. అతను వదల్లేదు. కడుపు కింద చెయ్యి పెట్టి, "ఏం లే, ఏం లే, నేనుండా గదా" అంటూ మెల్లగా వెనక్కి నడిచాడు.

కొంతసేపటికి ముందుకాళ్ళు ఈత అందుకున్నాయి. వరదరాజులు నీళ్ళలోకి వంగి చూశాడు. వెనకకాళ్ళు కూడా ఆడుతున్నాయి. నేల మీద చెరోవైపుకు జారిపోయే ఆ కాళ్ళు నీళ్ళలో ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాయి.

"లక్ష్మీ, కాళ్ళు చూడు" అన్నాడు. ఖాళీగా ఉన్న చేత్తో ముఖం మీద నీళ్ళు కొట్టుకున్నాడు.

మునిలక్ష్మి గట్టు మీద వంగి చూసింది. చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. "తొక్కుతా ఉండాడు" అంది. కాసేపయ్యాక, "మొదటి రోజు గదా, చాలు, పైకి తీయండి. అలిసిపోతాడు" అని తువ్వాలు విప్పింది.

అప్పటి నుంచి ఆదివారాలు తొట్టి దగ్గరే గడిచాయి. చైత్రం వచ్చేసరికి మేనేజర్ బొంత మీద తనంతట తాను లేచాడు. లేచి, పెద్ద ఘనకార్యమేమీ కానట్టు వాకిట్లోకి పోయి స్తంభం మీద మూత్రం పోశాడు. వీధి చివరి టీకొట్టు దాకా పట్టీ లేకుండా నడవసాగాడు. వచ్చేటప్పుడు మాత్రం మధ్యలో కూర్చునేవాడు. మెట్లు ఎక్కలేడు, పరిగెత్తలేడు. డాక్టరు అంతకన్నా ఎక్కువ మాట ఇవ్వలేదు కాబట్టి వాళ్ళూ అడగలేదు. సూదులు వారానికి కాకుండా నెలకు తగ్గాయి. నీళ్ళలో కుక్కతో పాటు నడిచినందుకో, సంగటికో, వరదరాజులు కూడా మోకాలి గురించి చెప్పడం తగ్గించాడు. అడిగితే నొప్పి ఉందనే అంటాడు.

ఇప్పుడు కుంటికుక్కలున్నవాళ్ళు అప్పుడప్పుడూ పట్టీ కోసం మునిలక్ష్మి దగ్గరికి వస్తుంటారు. మొన్న అరక్కోణం నుంచి ఒక పిల్ల పొమెరేనియన్‌ను చంకనేసుకుని వచ్చింది.

"అక్కా, దీనికి ఏ నూనె రాసేది?"

"నూనె గీనె నాకు తెల్దు. డాక్టరుకు చూపించినావా?"

"ఇంకా లేదక్కా."

"అయితే ముందు తిరువళ్లూరు పో. ఆయన పట్టీ కావాలంటే అప్పుడు రా."

పిల్ల దిగులుగా లేవబోయింది. మునిలక్ష్మి మెడలోంచి టేపు తీసింది.

"సరే, వచ్చినావు గదా, కొలత ఇచ్చిపో. కదలకుండా పట్టుకో దాన్ని."