ఆవలి రేవుకు ఎత్తిన ఎర్రచీర

మెట్‌పల్లి అంగట్లో వంకాయలు ఏరుతుంటే, ధర్మపురి నుంచి వచ్చిన ఒకామె చెప్పింది, మా చాకలత్త పోయిందని. కర్మలు కూడా అయిపోయాయట. ఇన్ని బస్సులు తిరుగుతున్నా ఆ మాట నాకు అందలేదు. అప్పటినుంచి ఒకటే గాబరా, నాకు తెలియకుండా ఇంకెవరికి ఏమైందోనని.

అత్త ధర్మపురిలో గోదావరి రేవులో బట్టలు ఉతికేది. అప్పట్లో మేమూ అక్కడే ఉండేవాళ్లం. మా మగ్గాల వాడకట్టంతా ఆమెను అత్తా అనే పిలిచేది. ఆమె చెల్లెలిని ఆవలి ఒడ్డున, ఆదిలాబాదు వైపు పల్లెకు ఇచ్చారు. ఆ చెల్లెలిదీ అదే పని. పొద్దున్నే రేవులో దిగగానే అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆవలికి చూసేది. చీమంత మనిషి కదిలితే చాలు, "మా చెల్లె లేసింది" అని మురిసి, అప్పుడు బండ మీద బట్ట వేసేది. "కబురుకు ఒక్క తొవ్వను, ఒక్క దారినే నమ్ముకోవద్దు పిల్లా" అని నాతో ఎప్పుడూ అనేది.

నా బిడ్డను ఇచ్చింది కూడా ఆ పల్లెకే. పోలీసు యాక్షన్ అయిన కొన్నేళ్లకు, రెండో కాన్పుకు మెట్టినింట్లోనే ఉండిపోయింది. మొదటిసారే చావు తప్పి బయటపడింది. ఆ వానాకాలం గోదావరి పొంగి పడవ ఆగింది, టెలిగ్రాం తీగల తార్ స్తంభాలు కొట్టుకుపోయాయి. ఇలాంటిదేదో వస్తుందన్న భయంతో వియ్యపురాలికి ముందే చెప్పి ఉంచాను, తల్లీబిడ్డా క్షేమమైతే రేవులో గడకు ఎర్రచీర కట్టమని.

నెలలు నిండాయి. రోజూ ఒడ్డుకు పోయి చూశాను. వాన వెలిసిన పూట కూడా చీర లేదు.

"అయిపోయిందత్తా, నా బిడ్డ లేదు" అని కూలబడ్డాను.

"నీ కండ్లనీళ్లు గూడ గోదాట్ల పోస్తవా? గిప్పటికే ఒడ్డు దాటింది" అని కసిరింది అత్త. కాసేపటికి తనే నెత్తి కొట్టుకుంది. "ఓసి పిచ్చిదానా! పురుడైన ఇంటోళ్లు చీర తెచ్చి నలుగురి రేవుల ఎట్ల కడ్తరే? అంటు కాదా? పురిటిబట్టలు పట్టుకొని రేవుకొచ్చేది మా చెల్లె. గామెను అడగాలె."

"గింత నీళ్ల మీద ఎట్ల అడుగుతవత్తా?"

"మా రేవులల్ల ఓ లెక్కుంటది. నేను ఎర్రదెత్తితే పురుడు సంగతి అడిగినట్టు. మంచిదైతే ఆమె గూడ గదే ఎత్తుతది."

"కాకుంటే?"

అత్త మూటలోంచి ఎర్రచీర లాగి, గడకు కట్టి పైకెత్తింది. ఆవల చెల్లెలు వంగుతోంది, లేస్తోంది, ఇటు చూడదు. చివరికి చూసింది. చూసి గట్టెక్కి పోయింది.

"పోయిందత్తా!"

"జర ఆగు. చీర మీదికెల్లి పడ్తదా? తేవద్దా?"

ఎంతసేపు ఆగామో. ఆవలి గట్టు మీద ఎర్రగా ఒక చుక్క లేచింది. గాలికి సాగింది.

నేను ఏడుస్తూ నవ్వుతూ ఇంటికి పరుగు తీయబోయాను. అత్త గడ దించలేదు. "నువ్వు పో. మనం చూసినమని మా చెల్లెకెట్ల తెలుస్తది? దానికి ఫికరుండదా?" అంది.

నా బతుకంతా కబురు రాలేదనే భయపడ్డాను. నా కబురు కోసం అవతల ఒకరు భయపడుతుంటారని ఆమె అనేదాకా నాకు తోచలేదు. అత్త నీళ్లలోకి రెండడుగులు దిగి, చీరను మెల్లగా అటూ ఇటూ ఊపింది. తడి మోచేతుల మీదుగా కారుతోంది. ఆవలి ఎరుపు కిందికి దిగేదాకా అట్లాగే నిలబడి ఉంది.