పొడిగొంతు మరిది

ఆమె మరిదికి లోకంలో ఒకే ఒక్క పిచ్చి. ఎవరి లిఫ్టు తనిఖీ చేస్తాడో వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. లిఫ్టులు తనిఖీ చేసే చిన్న కంపెనీ అతనిది. అందులో పనిచేసే అయిదుగురూ అతన్ని చాటుగా పొడిగొంతు అంటారు. అతనికి తెలుసు. "మంచి పేరే," అంటాడు, తన సీసాలో నీళ్లు తనే తాగి.

నీళ్లతో ఆగితే బాగుండేది. పన్నెండు అంతస్తులు చూసి దిగినా కుర్చీలో కూర్చోడు, కుర్చీ కూడా ఉపకారమేనట. ఒక ఆసుపత్రిలో ఎవరో ఫ్యాను తన వైపు తిప్పితే పక్కకి జరిగి నిలబడ్డాడు. ఒక హోటల్ యజమాని జేబులో బిస్కెట్ ప్యాకెట్ కుక్కితే, అక్కడే తిరిగిచ్చేసి, ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నాడు.

"ఒక్క బిస్కెట్ తింటే లిఫ్టు తాడు తెగుతుందా?" అన్నాడు యజమాని, తెరిచిన నోరు మూయకుండానే.

"తాడు తెగదండీ. తెగబోతోందని రాయాల్సి వస్తే చెయ్యి మొరాయిస్తుంది."

ఇవన్నీ విని ఆమె, అంటే అతని వదిన, పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ పిచ్చి తన గడప దాకా వచ్చాక నవ్వు ఆగిపోయింది. భర్త ఉన్నన్నాళ్లూ ఈ మరిది ప్రతి ఆదివారం వచ్చి, ఆమె వంటింట్లో స్టూలు వేసుకుని, రెండు కప్పుల కాఫీ తాగందే లేచేవాడు కాదు. భర్త పోయిన నెల్లాళ్లకి ఆమె ఉండే ఆరంతస్తుల భవనం లిఫ్టు తనిఖీ ఇతని కంపెనీకి వచ్చింది. ఆ రోజు నుంచి గడప తొక్కలేదు. బయటే నిలబడి "ఒంట్లో బాగుందా వదినా?" అంటాడు. కాఫీ తెస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంటాడు.

అలా మూడేళ్లు. అన్న పోయాడు కాబట్టి బంధం తెంచుకున్నాడని, లిఫ్టు ఒక సాకని ఆమె అనుకుంది. ఎవరితోనూ అనలేదు. అయినా అతను వచ్చే రోజున రెండు కప్పులకి సరిపడా పాలు పెట్టేది. చల్లారాక తనే తాగేది.

ఇంతలో కొత్త నిబంధన వచ్చింది. లిఫ్టులు చూసేవాళ్లని చూసేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లొచ్చి కంపెనీ కాగితాలు తిరగేసి, పనిముట్లు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూసి, ఇన్‌స్పెక్టర్ పని చేస్తుంటే పక్కనే నిలబడి గమనించి, అన్నీ కుదిరితేనే అధికారిక గుర్తింపు ఇస్తారు. వచ్చే నెల నుంచి గుర్తింపు లేని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ చిత్తుకాగితమే. అయిదు కుటుంబాల తిండి దానిమీదే ఉంది.

గుర్తింపు సంస్థ నుంచి వచ్చిన కళ్లద్దాల అధికారిణి ఏరి ఏరి వదిన ఉండే భవనాన్నే చూస్తానంది. పైన మోటారు గది నుంచి కింద లిఫ్టు దిగే గొయ్యి దాకా మరిది వెంటే తిరిగింది. పనిలో లోపం ఒక్కటీ దొరకలేదు. ఆరో అంతస్తులో, వదిన గుమ్మం ఎదుట, ఆఖరి రిజిస్టరు తెరిచింది. కంపెనీకి ఎక్కడ పక్షపాతం అంటుకునే ప్రమాదం ఉందో, దానికేం చేస్తున్నారో రాసుకునే పుస్తకం అది.

సరిగ్గా అప్పుడే వదిన కాఫీ ట్రేతో తలుపు తీసింది. మరిది చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

"నేనూ తాగకూడదమ్మా," అని అధికారిణి రిజిస్టరులో ఉన్నది పైకే చదివింది. "'ప్రమాదం: ఈ భవనంలో మా వదిన ఉంది. నివారణ: ఆ ఇంట్లో తినను, తాగను, కూర్చోను.' ఏమిటండీ ఇది?"

"ఉన్నదే రాశానండీ."

"బంధువులుంటే వేరే ఇన్‌స్పెక్టర్‌ని పంపాలి. కాఫీ మానేస్తే బంధుత్వం పోతుందా?"

"పోలేదండీ. మూడేళ్లుగా చూస్తున్నా."

వదిన ట్రే కింద పెట్టేసింది.

"మీ దగ్గర ఇంకో ఇన్‌స్పెక్టర్ ఉన్నాడుగా?"

"ఉన్నాడు. నాకంటే బాగా చూస్తాడు. కానీ ఈ లిఫ్టు మాత్రం వదలను."

"అయితే గుర్తింపు రాదు."

మరిది తన బూట్లకేసి చూసుకున్నాడు. "అన్నయ్య పోయిన వారానికి వదిన ఇందులో గంటసేపు ఇరుక్కుపోయిందండీ. తర్వాత మోకాళ్లు పట్టుకుని ఆరంతస్తులూ మెట్లెక్కేది. 'నువ్వు చూస్తేనే మళ్లీ ఎక్కుతాను' అంది. ఈ భవనం వాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి పని తెచ్చుకున్నా."

వదిన నిర్ఘాంతపోయింది. ఆ మాట అన్నట్టు ఆమెకి గుర్తే లేదు. ఏడుపులో ఏవేవో అన్న రోజులవి. అందులోంచి ఒక్క మాట ఏరుకుని ఇతను మూడేళ్లు నోరు కట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఈ సంగతి నాతో చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"చెప్తే నువ్వు వద్దంటావు. మళ్లీ మెట్లెక్కుతావు."

"ఎక్కను. రాసుకోండమ్మా, ఇక నుంచి ఆ రెండో అబ్బాయే చూస్తాడు."

"అతను చూస్తే లిఫ్టెక్కుతావా మరి?" అన్నాడు మరిది, అనుమానంగా.

"ఎక్కుతాను. నా మోకాళ్ల మీద ఒట్టు."

అధికారిణి ఒక లోపం రాసి, పదిరోజుల్లో సరిదిద్దితే గుర్తింపు వస్తుందని చెప్పి వెళ్లింది.

ఆ వారంలోనే రెండో ఇన్‌స్పెక్టర్ వచ్చి లిఫ్టు మొదటి నుంచీ చూశాడు. అప్పటికి మరిది వదిన వంటింట్లో స్టూలు మీద మూడో కప్పులో ఉన్నాడు. పని ముగించిన ఇన్‌స్పెక్టర్ చెమట తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"కాఫీ వాసన అదిరిందమ్మా."

వదిన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "లిఫ్టు ఎలా ఉంది?"

"బాగుందమ్మా. రాసి సంతకం కూడా పెట్టేశా. ఇప్పుడు తాగొచ్చేమో."

"ఆర్నెల్లకి మళ్లీ రావాలిగా. నీ సీసాలో నీళ్లున్నాయా, అయిపోయాయా?"

లోపల మరిదికి కాఫీ పొలమారింది. వదిన చెప్పులేసుకుని, ఆ ఇన్‌స్పెక్టర్‌తో పాటే లిఫ్టెక్కి, అతన్ని కింద దాకా దిగబెట్టి వచ్చింది.