ఇష్రత్ చేతులకు మైదాకు

పాన్‌గల్‌లో ఏ ఇంట్లో అక్కాచెల్లెళ్ళు జుట్లు పట్టుకున్నా పెద్దవాళ్ళ నోట వచ్చేది షంషాద్ పేరే. "దూదేకుల షంషాద్‌ను జూసి నేర్చుకోండ్రే, చెల్లెను కండ్లల్ల పెట్టుకొని సాకుతుంది" అనేవాళ్ళు. ఆ మాట తన చెవిన పడితే షంషాద్ వినబడనట్టే కొంగు సర్దుకునేది. వినబడేది. ఆ పూట కూరలో ఉప్పు కూడా సరిగ్గా పడేది.

చెల్లెలు ఇష్రత్ నరాల జబ్బుతో పుట్టింది. కాళ్ళు బిగుసుకుని ఉంటాయి, ఎడమ చెయ్యి ముడుచుకుపోతుంది, కుడి చెయ్యి చెప్పిన మాట వినదు. మాట వస్తుంది గానీ నింపాదిగా, ఒక్కో ముక్కా తోసుకుంటూ వస్తుంది. ఆ పిల్ల పాలు మరవకముందే తల్లి పోయింది. తండ్రి ఫకీర్ పరుపులు కుట్టడానికి ఊళ్ళు పట్టుకుని తిరిగే మనిషి. దాంతో చంటిదాని బరువంతా షంషాద్ చంకకెక్కింది. తర్వాత సంబంధాలు వచ్చాయి. "చెల్లె గూడ నా ఎంబడే వస్తది" అని షంషాద్ చెప్పేది. వచ్చినవాళ్ళు చాయ్ తాగి, మళ్ళీ కబురు చేస్తామని పోయేవాళ్ళు. ఆ కబుర్లు ఏ దారిన పోయాయో ఇప్పటికీ రాలేదు.

షంషాద్ దానికి పెద్దగా బాధపడలేదు. స్నానం చేయించడం, తల దువ్వడం, దొడ్డికి ఎత్తుకెళ్ళడం, పప్పుబువ్వ మెత్తగా పిసికి చిన్న చిన్న ముద్దలు చేసి నోట్లో పెట్టడం, వీటితోనే ఆమెకు పొద్దు పొడిచేది, పొద్దు గూకేది. ఇష్రత్ ఏదైనా చెప్పబోతే సగంలోనే అందుకుని మిగతాది తనే చెప్పేది. ఊరికి ఇష్రత్ గొంతు తెలియదు, షంషాద్ గొంతే తెలుసు. చెల్లెలికి ఆకలి వేయకముందే తనకు తెలుస్తుందని ఆమె నమ్మకం.

ఇష్రత్‌కు ఇరవై దాటాక, ఒక వానాకాలంలో, చర్చి వాడకట్టు సారమ్మ కూతురు కృప వీళ్ళ ఇంటికొచ్చింది. వికలాంగుల కోసం పనిచేసే ఒక సంస్థలో చేరి, ఇల్లిల్లూ తిరిగి, మంచం పట్టినవాళ్ళకు పనులు నేర్పుతుందట. వచ్చిన పిల్ల షంషాద్ వేసిన పీట మీద కూర్చోలేదు. పోయి ఇష్రత్ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీకేం గావాలె ఇష్రత్?"

"దానికేం గావాలె, అన్నీ నేను జేస్తనే ఉన్న" అంది షంషాద్.

కృప తల తిప్పలేదు. ఇష్రత్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచేదాకా అట్లాగే చూస్తూ కూర్చుంది.

"తానానికి... గంత ఏడినీళ్ళు... వద్దు. కాలుతుంది."

షంషాద్ చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. పుట్టినప్పటి నుంచి పొగలు కక్కే నీళ్ళే పోసింది తను. నరాలు సడలుతాయని ఎవరో చెబితే, కట్టెలు తడిసిన రోజుల్లో కూడా పొయ్యి ఊది ఊది కాచింది.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పకపోతివే?"

"నువ్వెన్నడు... అడగకపోతివి."

ఆ రోజు మొదలైంది కడుపుమంట. కృప వారం వారం వచ్చేది. చెంచా కాడకు పాత గుడ్డ లావుగా చుట్టి ఇష్రత్ గుప్పిట్లో ఇరికించింది. స్నానం చేసేచోట గుంజకు తాడు కట్టి పట్టుకోవడం నేర్పింది. రవికకు ముందు పెద్ద గుండీలు కుట్టించింది. ఒంటి మీద చెయ్యి వేసేముందు ప్రతిసారీ "పట్టుకోనా?" అని అడిగేది. సొంత చెల్లెలిని ముట్టుకోవడానికి ఇక తనూ సెలవు అడగాలా అని షంషాద్ పళ్ళు నూరేది. ఏకై వచ్చి మేకై కూర్చుందని, దూదేకే ఇంట్లోనే ఆ సామెత నిజమైందని పొరుగింటి హన్మమ్మతో వాపోయేది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములే వాడి గదమ్మా అని హన్మమ్మ ఇంకో పుల్ల ఎగదోసేది.

కృప చాయ్‌లో చక్కెర వేయడం షంషాద్ తరచూ మరిచిపోయేది. ఆ పిల్ల అదే తాగి, మంచిగుందక్కా అని గ్లాసు కడిగి బోర్లించి పోయేది. అది ఇంకా మండేది. ఇష్రత్ చెంచా వణికి అన్నం ఒళ్ళో పడినప్పుడు మాత్రం షంషాద్‌కు లోపలెక్కడో చల్లగా ఉండేది. వెంటనే సిగ్గేసేది. సిగ్గుపడుతూనే మళ్ళీ ఎప్పుడు పడుతుందా అని చూసేది.

వీటన్నిటినీ ఓర్చుకుంది గానీ, ఒకనాడు ఇష్రత్ వాకిలి వైపు తల తిప్పి "కృపక్కా" అని పిలవడం విని ఓర్చుకోలేకపోయింది. ఆ అక్కా అనే మాట నేర్పడానికి షంషాద్ ఎన్ని ఎండాకాలాలు ఆ పిల్ల గడ్డం పట్టుకుని కూర్చుందో ఆమెకే తెలుసు. ఆ మాటను నిన్నగాక మొన్న వచ్చినదాని చేతిలో పెట్టేసింది.

దీపావళి అయిన కొన్నాళ్ళకు వనపర్తిలో వికలాంగుల సంఘం మీటింగ్ అన్నారు. పొద్దున పోయి సాయంత్రం వస్తారు, భోజనం అక్కడే. కృప తోల్కపోతానంది. ఇష్రత్ పోతానంది.

"నేను రాకుంటె నీకెవరు తినిపిస్తరే?"

"నేనే... తింట."

ఇక చెల్లెలు తన చేయి దాటిపోతుందని షంషాద్‌కు తేలిపోయింది. మీటింగ్ రోజు తెల్లవారగానే పెరట్లో గోరింట చెట్టుకు మైదాకు దూసింది. చింతపండు వేసి రోట్లో మెత్తగా నూరింది. "బయటికి పోతున్నవ్, ఒట్టి చేతులతోని పోతవా? నలుగురు జూస్తరు" అంటూ చెల్లెలి రెండు అరచేతుల నిండా, వేళ్ళ కొసలదాకా దట్టంగా పెట్టి, పైన గుడ్డలు కట్టింది. మైదాకు చేతులున్న ఆడపిల్లకు ఇంకొకరు తినిపించాల్సిందే, అది లోకంలో ఉన్న పద్ధతే. పండేదాకా విప్పకూడదు. విప్పకపోతే చెంచా లేదు. చెంచా లేకపోతే తినిపించడానికి తను కూడా ఆటో ఎక్కాలి. పెట్టె లోంచి ఉతికిన చీర తీసి కట్టుకుని మరీ కూర్చుంది.

కృప వచ్చి చూసింది. ఆ పిల్లకు అర్థమైంది. "ఏం గాదు, అక్కడ నేను తినిపిస్త" అంది.

తను తవ్విన గోతిలోకి ఎవరు దిగబోతున్నారో షంషాద్‌కు అప్పుడు కనిపించింది. ఇష్రత్ ఒకసారి కృపను చూసి, ఒకసారి అక్క కట్టుకున్న మంచి చీరను చూసింది.

"అక్కా... కడుగు."

"పండలేదే ఇంకా!"

"నువ్వే కడుగు. పెట్టింది... నువ్వే గద."

షంషాద్ చెంబుతో నీళ్ళు తెచ్చి, వేలు వేలూ రుద్ది కడిగింది. అరచేతుల్లో ఎర్రదనం రాలేదు, ఎండిన నారింజ తొక్క రంగు మాత్రం మిగిలింది. కృప, ఆటో నడిపే బాలయ్య చెరోవైపు పట్టి ఇష్రత్‌ను ఎక్కించారు. ఆటో వనపర్తి రోడ్డెక్కి పోయింది.

మధ్యాహ్నం షంషాద్ బువ్వ పెట్టుకుంది. కలిపి కలిపి చూసుకునేసరికి కంచం అంచున చిన్న చిన్న ముద్దలు వరసగా ఉన్నాయి. తన నోటికి కావలసిన ముద్ద ఎంత ఉంటుందో ఆమెకు గుర్తుకు రాలేదు. కంచంలోనే చెయ్యి కడిగేసి, కృపను నోరారా తిట్టింది. ఎంత తిట్టినా ఆ పిల్ల చేసిన తప్పేమిటో దొరకలేదు. ఆ ఏడుపు ఒకటి.

సాయంత్రం ఇష్రత్ వచ్చింది. రవిక మీద సాంబారు మరకలు, మొహం నిండా వెలుగు. కృప గడప దగ్గరి నుంచే వెళ్ళిపోయింది. షంషాద్ పొయ్యి దగ్గర వీపు తిప్పుకుని కూర్చుంది.

"చేతులు కట్టేస్తె... ఉంటననుకుంటివా అక్కా?"

ఇష్రత్ ఆగి ఆగి చెప్పింది. మధ్యలో అందుకోవడానికి షంషాద్ పెదవులు రెండుసార్లు కదిలాయి. పళ్ళ బిగువున ఆపుకుంది.

"చేతులు రానప్పుడు... నీ తాననే ఉంటి. ఏడికి పోత? అది... ఉండుడు గాదు. ఇప్పుడు చేతులొస్తున్నయ్. ఇప్పుడుంటె... ఉన్నట్టు."

షంషాద్ కళ్ళు కొంగుతో తుడుచుకుంది. పొగ అనుకుంటే పొయ్యిలో నిప్పు కూడా లేదు.

"ఉంటవా మరి?" అంది, ఇటు తిరక్కుండానే.

"ఆకలైతుంది. బువ్వ పెట్టు."

షంషాద్ అన్నం గిన్నె దగ్గరికి లాక్కుంది. చెయ్యి అలవాటు కొద్దీ ముద్ద చేయబోయి ఆగింది.

"నోట్లనా? పళ్ళెంలనా?"

"పళ్ళెంల."

కారం తగిలిన పుండులా మండింది లోపల. అయినా పళ్ళెం తెచ్చి చెల్లెలి ముందు పెట్టి, అన్నం వడ్డించింది.